‘మీ గురించి చెప్పండి’ అంటే... తెలుగు మాటెందుకు దాస్తాం?

బెంగళూరులో ఓ కంపెనీ ఆఫీసు. బల్లకు అటువైపు ముగ్గురు, ఇటువైపు ఒక్కడు. బళ్లారి పక్కపల్లె నుంచి రాత్రి బస్సెక్కి, తెల్లారి మెజెస్టిక్‌లో దిగి, బస్టాండులోనే మొహం కడుక్కుని, ఇస్త్రీ చొక్కా మార్చుకుని వచ్చిన కుర్రాడు. ఫైలు తెరవకముందే మొదటి ప్రశ్న వచ్చింది.

‘మీ గురించి చెప్పండి.’

పేరు చెప్పాడు. డిగ్రీ మార్కుల శాతం చెప్పాడు. ‘హార్డ్ వర్కర్‌ని, క్విక్ లెర్నర్‌ని, టీమ్ ప్లేయర్‌ని’ అన్నాడు. హాబీలు... క్రికెట్, పాటలు వినడం, పుస్తకాలు చదవడం. వచ్చిన భాషలు... కన్నడ, ఇంగ్లిష్, కొంచెం హిందీ. నిమిషంలో అంతా అయిపోయింది. అటువైపు ముగ్గురికీ అప్పటికి పదిమంది నోట విన్న మాటలే అవి. తలలూపి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు.

ఇంట్లో అమ్మతో, అవ్వతో పొద్దస్తమానం మాట్లాడే తెలుగు ఆ జాబితాలో లేదు. కావాలని అబద్ధమాడలేదు. ‘చదవడం, రాయడం రాని భాషను వచ్చని ఎట్లా చెప్పుకోను?’ అనుకున్నాడు, అంతే.

ఈ కుర్రాడు ఏ ఒక్కరో కాదు. హోసూరులో, షోలాపూర్‌లో, రాయగడలో, బరంపురంలో... తెలుగు ఇంట్లో పుట్టి, పక్క భాష బడిలో చదివి, ఉద్యోగానికి ఇంగ్లిష్‌లో జవాబు చెప్పే పిల్లలు ఎంతోమంది. తమ దగ్గరున్న బలమైన విషయాన్నే వాళ్లు చెప్పకుండా వదిలేస్తున్నారు. అందరూ చెప్పేదాన్ని మాత్రం వల్లె వేస్తున్నారు.

ఎవరబ్బాయివిరా?

మన పెద్దలకు ఈ ఇబ్బంది ఉండేది కాదు. ఊళ్లో కొత్త మొహం కనిపిస్తే అరుగు మీద కూర్చున్న పెద్దాయన అడిగేది ఒకే మాట... ‘ఎవరబ్బాయివిరా?’ తాత పేరు చెబితే చాలు. ఇల్లెక్కడ, పొలమెంత, మేనమామ ఎవరు, ఆ ఇంటివాళ్ల మంచిచెడ్డలేంటి... మిగతా పరిచయమంతా ఆయనే చెప్పేసేవాడు. తన గురించి తాను చెప్పుకోవడం గొప్పలు పోవడం కిందే లెక్క. ‘నీ గురించి నువ్వు చెప్పుకోవడమేంట్రా, నలుగురూ చెప్పాలి గానీ’ అనేవాళ్లు.

ఆ పెంపకం మంచిదే. కానీ పట్నంలో ఆఫీసు గదిలో కూర్చున్నవాళ్లకు మన తాత తెలియదు. అక్కడ మన తరఫున చెప్పేందుకు నలుగురు ఉండరు. మనమే చెప్పుకోవాలి. గొప్పలు పోకుండా, తక్కువ చేసుకోకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. అసలు కష్టమంతా అక్కడే ఉంది.

పేరు దగ్గరే తికమక

సరిహద్దు తెలుగువాళ్లకు పరిచయం పేరు దగ్గరే చిక్కుపడుతుంది. ఆంధ్ర, తెలంగాణల్లో ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. పేరు ముందు పొడి అక్షరం ఉందంటే అది ఇంటిపేరుదే. తమిళనాడులో ఆ పొడి అక్షరం నాన్న పేరుది. కర్ణాటకలో నాన్న పేరుదో, ఊరి పేరుదో కావచ్చు. మహారాష్ట్రలో ముందు తన పేరు, తర్వాత నాన్న పేరు, చివర ఇంటిపేరు రాస్తారు.

ఇంకేముంది! ఒకే తాత మనవళ్లు ఇద్దరుంటే... చిత్తూరు జిల్లాలో చదివినవాడి పేరు ముందు ఒక అక్షరం, హోసూరులో చదివినవాడి పేరు ముందు ఇంకో అక్షరం. బడిలో చేర్చిన రోజు మేష్టారు ఎట్లా రాసుకుంటే అదే ఖాయం. పాస్‌పోర్టు దరఖాస్తులో పొడి అక్షరాలు పనికిరావు. పూర్తిగా విడదీసి రాయాలి. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒకటి, ఆధార్‌లో ఒకటి, బ్యాంకు పుస్తకంలో మరొకటి ఉంటే తిరగలేక కాళ్లు అరిగిపోతాయి.

ఇంటర్వ్యూలోనూ ‘ఈ అక్షరం ఏంటి?’ అని అడిగేవాళ్లుంటారు. అప్పుడు నీళ్లు నమలక్కర్లేదు. ‘మా ఇంటిపేరు ఇది సార్. మా రాష్ట్రంలో నాన్న పేరు పొడి అక్షరంగా రాస్తారు. అందుకే సర్టిఫికెట్‌లో ఇట్లా ఉంది’ అని ఒక్క ముక్కలో చెప్పగలగాలి. ఆ ఒక్క ముక్కతోనే మీరెక్కడివాళ్లో, ఏ ఇంటి నుంచి వచ్చారో ఎదుటివాళ్లకు అర్థమైపోతుంది.

భాషల గడిలో ఏం రాయాలి?

బయోడేటాలో ‘తెలిసిన భాషలు’ అనే గడి దగ్గర మనవాళ్లు రెండు రకాల తప్పులు చేస్తారు. కొందరు బళ్లారి కుర్రాడిలా తెలుగును అసలు రాయరు. కొందరు ‘తెలుగు’ అని గట్టిగా రాసేసి, ఎదురుగా ఒక తెలుగు కాగితం పెట్టి చదవమంటే తెల్లమొహం వేస్తారు. రెండూ నష్టమే.

ఒక భాష వచ్చు అంటే నాలుగు పనులు... వింటే అర్థం కావడం, మాట్లాడటం, చదవడం, రాయడం. ఈ నాలుగూ అందరికీ ఒకేలా రావు. సరిహద్దు జిల్లాల్లో అయితే అసలే రావు. ఇంటి భాష నోటికి వస్తుంది, చేతికి రాదు. బడి భాష చేతికి వస్తుంది, నోట్లో కాస్త తడబడుతుంది. కాబట్టి గడిలో భాష పేరొక్కటే రాసి వదిలేయకూడదు. ‘తెలుగు: మాతృభాష, ధారాళంగా మాట్లాడతాను, చదవడం నేర్చుకుంటున్నాను. కన్నడ: పదో తరగతి దాకా మొదటి భాష, చదవడం రాయడం బాగా వచ్చు. హిందీ: అర్థమవుతుంది, పని జరిగేంత మాట్లాడతాను.’ ఇలా విడమరిచి రాస్తే ఎవరూ వేలెత్తి చూపలేరు.

ఇదేదో చాదస్తం అనుకుంటే పొరపాటు. ఉద్యోగం వచ్చేదీ పోయేదీ ఇక్కడే. స్టేట్ బ్యాంకు జూనియర్ అసోసియేట్ పోస్టులనే తీసుకోండి. ఏ రాష్ట్రం ఖాళీలకు దరఖాస్తు చేస్తే ఆ రాష్ట్ర భాష చదవడం, రాయడం, మాట్లాడటం, అర్థం చేసుకోవడం నాలుగూ రావాలి. పదో తరగతిలోనో, పన్నెండో తరగతిలోనో ఆ భాష చదివినట్టు మార్కుల జాబితా చూపిస్తే సరి. లేకపోతే భాషా పరీక్ష పెడతారు. అందులో తప్పితే రాతపరీక్షలో ఎన్ని మార్కులొచ్చినా ఉద్యోగం రాదు. తపాలా శాఖ గ్రామీణ డాక్ సేవక్ పోస్టులకూ స్థానిక భాష కనీసం పదో తరగతి వరకు చదివి ఉండాలన్న నిబంధన ఉంది.

అంటే ఏంటి? ‘మాది తెలుగే కదా’ అనుకుని ఆంధ్ర, తెలంగాణ ఖాళీలకు దరఖాస్తు చేసిన హోసూరు అమ్మాయి తెలుగు రాయలేక ఆగిపోవచ్చు. అదే అమ్మాయి పదో తరగతిలో తమిళం చదివి ఉంటే, తమిళనాడు ఖాళీలకు ఆ మార్కుల జాబితానే ఆధారం. తనకు ఏ భాష ఎంతవరకు వచ్చో ముందే తెలిసి ఉంటే ఏ రాష్ట్రానికి దరఖాస్తు చేయాలో కూడా తేలుతుంది.

తమిళనాడు సంగతి మరీ ప్రత్యేకం. 2006లో వచ్చిన తమిళ అభ్యాస చట్టం ప్రకారం 2006-07లో ఒకటో తరగతితో మొదలుపెట్టి, ఏటా ఒక్కో తరగతి చొప్పున తమిళాన్ని తప్పనిసరి చేసుకుంటూ వచ్చారు. మాతృభాష ఐచ్ఛికంగా మిగిలింది. ఆ చట్టం మంచిచెడ్డల మీద వాదాలు, కోర్టు కేసులు నడిచాయి. ఆ చర్చ ఎలా ఉన్నా అక్కడి తెలుగు ఇళ్లలో ఒక తరం తమిళం చదువుకుని, తెలుగు మాట్లాడుకుంటూ పెరిగింది. అది సిగ్గుపడాల్సిన లోటు కాదు. తమిళం చేతికి వచ్చింది, తెలుగు నోటికి వచ్చింది. ఆ మాటే చెప్పుకోవాలి. అక్షరాలు నేర్చుకునే దారి ఎప్పుడూ ఉంది.

కన్నడ చదువుకున్నవాళ్లకైతే ఆ దారి మరీ దగ్గర. తెలుగు, కన్నడ లిపులు ఒకే పాత లిపి నుంచి విడిపోయినవి. చాలా అక్షరాల ఒళ్లు ఒకటే, తలకట్టు దగ్గర తేడా. రోజుకు అరగంట చొప్పున కూర్చుంటే కొద్ది వారాల్లో బస్సు బోర్డు దాటి పేపరు హెడ్డింగుల దాకా వచ్చేయొచ్చు.

యానాం పిల్లలది ఇంకో దారి. చుట్టూ ఆంధ్ర, మాట్లాడేది తెలుగు, పాలన మాత్రం ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న పుదుచ్చేరి నుంచి. 1954 దాకా ఫ్రెంచి ఏలుబడి. పెద్ద ఆఫీసు పని పడితే వెళ్లాల్సింది తమిళం వినిపించే ఊరికి. సిరొంచవాళ్లకు నది దాటితే తెలంగాణ, ఇటు ఉంటే మరాఠీ బడి. ఎవరి గడి వాళ్లదే. పక్కవాడి బయోడేటా చూసి దింపుకుంటే కుదరదు.

‘మీరు తెలుగువాళ్లేనా?’

తెలుగు పేరు చెప్పుకోకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. యాస. హైదరాబాదులోనో, విజయవాడలోనో నోరు విప్పగానే ‘మీరు తెలుగువాళ్లేనా?’ అని అడుగుతారు. మనం మాట్లాడిన మాటనే వంకరగా తిరగ్గొట్టి నవ్వేవాళ్లూ ఉంటారు. ఒకసారి అట్లా అవమానమైతే ఇంకోసారి నోరు తెరవబుద్ధి కాదు. ఇటు ఉన్న ఊళ్లో ‘మీరు తెలుగోళ్లు కదా’ అంటారు, అటు పోతే ‘మీరు తమిళోళ్లు కదా’ అంటారు. ఇక పరిచయంలో ఏం చెప్పుకోవాలి?

దీనికి జవాబు కి.రాజనారాయణన్ జీవితంలో ఉంది. 1923లో కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్ పల్లెలో పుట్టి, 2021లో కన్నుమూసిన ఆయన తమిళ సాహిత్యంలో పెద్ద పేరు. ఇంటి భాష తెలుగు. బడి చదువు అంతంతమాత్రం. వలస వచ్చి నల్లరేగడి నేలలో స్థిరపడిన తెలుగు కుటుంబాల కథను 1976లో ‘గోపల్ల గ్రామం’ నవలగా తమిళంలో రాశారు. దాని కొనసాగింపు నవలకు 1991లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. పండితుల భాష కోసం ఆయన పాకులాడలేదు. తన పల్లె మాటనే రాశారు. ఆ ప్రాంతపు మాటలకు నిఘంటువు కూడా కూర్చారు. జనం నవ్వుతారేమోనని ఆయన కూడా తన మాటను దాచుకుని ఉంటే తమిళులకు ఒక రచయిత, తెలుగువాళ్లకు తమ వలస కథ రెండూ లేకుండా పోయేవి.

యాస అంటే తప్పు కాదు, చిరునామా. ‘మా తెలుగులో కన్నడ మాటలు కలుస్తాయి సార్, మాది సరిహద్దు’ అని ముందే నవ్వుతూ చెప్పేస్తే ఎదుటివాళ్లకు నవ్వడానికి ఏమీ మిగలదు.

ఇష్టమంటే రుజువుండాలి

హాబీల దగ్గరా అదే తంతు. ‘పుస్తకాలు చదువుతాను’ అంటారు. ఆఖరున చదివిందేంటంటే గోడవైపు చూస్తారు. ‘సినిమాలు చూస్తాను’ అన్నా అంతే. దేశంలో చూడనిదెవరు?

ఇష్టం అన్నప్పుడు అందులో కాస్త లోతు కనిపించాలి. ‘మా ఊళ్లో రెండు భాషల సినిమాలూ చూస్తూ పెరిగాను. కన్నడ రాజ్‌కుమార్ నటించిన తెలుగు సినిమా ఒకటే, 1954లో వచ్చిన కాళహస్తి మహాత్మ్యం. అదీ చూశాను’ అని చెప్పిన పిల్లాడిని ఎవరైనా మర్చిపోతారా? అడిగేవాళ్లలో ఒకరికి సినిమా పిచ్చి ఉంటే ఆ రోజు ఇంటర్వ్యూ దారే మారిపోతుంది.

ఇష్టం మనిషికి ఎంత పేరు తెస్తుందో చూడాలంటే బళ్లారిలోనే చూడొచ్చు. తాడిపత్రి రాఘవాచార్యులు 1880లో పుట్టారు. వృత్తి వకీలు. ఇష్టం నాటకం. నాటక రచయితగా, వకీలుగా పేరున్న ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఆయనకు మేనమామ. తెలుగు నాటకమాడారు, కన్నడ నాటకమాడారు, ఇంగ్లిష్ నాటకమూ ఆడారు. 1928లో ఇంగ్లండు దాకా వెళ్లొచ్చారు. 1946లో ఆయన పోయేనాటికి రాఘవాచార్యులనే పేరు వెనక్కి పోయి ‘బళ్లారి రాఘవ’ నిలిచిపోయింది. ఊరిపేరే ఇంటిపేరయింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి, బళ్లారి తాలూకా మైసూరు రాష్ట్రంలో చేరింది. గీత మారింది గానీ రాఘవ మాత్రం ఇద్దరికీ మనవాడే. రెండు భాషలనూ ఆయన దాచుకోలేదు మరి.

గుణం చెప్పొద్దు, జరిగింది చెప్పండి

‘మీ స్వభావం ఎలాంటిది? ఎలా పని చేస్తారు?’ అని అడిగితే మనవాళ్లు విశేషణాలు వరసపెడతారు. నిజాయతీ, ఓపిక, కష్టపడే తత్వం... వీటిని లేవని చెప్పుకునేవాళ్లు ఎవరున్నారు గనక? గుణం పేరు చెబితే అది ప్రకటనలా ఉంటుంది. జరిగిన సంగతి చెబితే ఎదుటివాళ్లే ఆ గుణాన్ని వెతుక్కుంటారు.

‘చెప్పుకోదగ్గది మా ఇంట్లో ఏం జరిగింది?’ అనొద్దు. సరిహద్దు ఇంట్లో పుట్టిన పిల్లలు తొమ్మిదో, పదో ఏట నుంచే ఒక ఉద్యోగం చేస్తుంటారు. జీతం లేని ఉద్యోగం. అవ్వను ఆసుపత్రికి తీసుకెళ్తారు. అవ్వకు తెలుగు తప్ప రాదు, డాక్టరుకు కన్నడ తప్ప రాదు. మధ్యలో స్కూలు డ్రస్సులో నిలబడ్డ పిల్లాడు. నొప్పి ఎక్కడో అవ్వ దగ్గర అడిగి డాక్టరుకు చెప్పాలి. మాత్ర పొద్దున ఒకటా, రెండా అని డాక్టరు దగ్గర తెలుసుకుని అవ్వకు అర్థమయ్యేలా చెప్పాలి. ఒక్క మాట తప్పితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే అనుమానమొస్తే రెండోసారి అడుగుతాడు. భయపెట్టే మాట ఉంటే మెత్తగా చెబుతాడు. కరెంటాఫీసులో, బ్యాంకులో, రేషన్ డిపోలో కూడా అదే పని.

వినడం, గ్రహించడం, అనుమానం తీర్చుకోవడం, ఇద్దరికీ నొప్పి కలగకుండా చెప్పడం... పెద్ద కంపెనీలు శిక్షణ ఇచ్చి మరీ నేర్పించే పని ఇదే. ఆ పిల్లాడు పెద్దయ్యాక ఇంటర్వ్యూలో ‘కమ్యూనికేషన్ స్కిల్స్ బాగుంటాయి’ అంటాడు గానీ ఈ ఆసుపత్రి సంగతి మాత్రం చెప్పడు. ఇంటి విషయం బయట చెప్పుకోవడమెందుకని!

షోలాపూర్ తెలుగు వాడల్లో బీడీలు చుట్టే తల్లులు ఎందరో. కూలి వెయ్యి బీడీల లెక్కన. ఇంట్లో అమ్మ ఎన్ని చుట్టిందో, కార్ఖానాలో ఎన్ని ఒప్పుకున్నారో, ఎన్ని బాగాలేవని పక్కన పడేశారో నోటుబుక్కులో రాసిపెట్టే కూతురు ఉందనుకోండి. ఆమెకు లెక్కల్లో శ్రద్ధ ఉందని వేరే చెప్పాలా? ‘మా అమ్మ బీడీల లెక్క ఆరేళ్లు నేనే రాశాను, వారానికోసారి కార్ఖానా లెక్కతో సరిచూసేదాన్ని’ అంటే చాలు. అకౌంట్సు ఉద్యోగానికి అంతకంటే మంచి పరిచయం ఏముంటుంది?

పనితీరు గురించి చెప్పేటప్పుడు గిడుగు రామమూర్తిని గుర్తుచేసుకోవడం కూడా మంచిదే. 1863లో పుట్టిన గిడుగు పర్లాకిమిడిలో బడిపంతులు. అది తర్వాత ఒడిశాలో కలిసిన ఊరు. చుట్టుపక్కల కొండల్లోని సవరల మాట ఆయన చెవిన పడింది. ఆ మాట ఏంటో తెలుసుకోవాలనిపించింది. సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. అడవుల్లో తిరిగారు. మలేరియా వస్తే వేసుకున్న క్వినైన్ మందుతో వినికిడి దెబ్బతింది. అయినా ఆపలేదు. సవర పిల్లలకు వాచకాలు తయారుచేశారు, బడులు పెట్టారు. ఆయన రాసిన సవర భాషా గ్రంథం 1931లో వెలువడింది. వాడుక భాష కోసం పోరాడిన మనిషిగా ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ‘పట్టుదల గలవాడు’ అనే విశేషణం ఒక్కటీ వాడకుండానే ఆయన పట్టుదల ఎంతటిదో తెలిసిపోయింది కదా!

రెండు నిమిషాల పరిచయం

మరి ఇవన్నీ కలిపి చెబితే ఎలా ఉంటుంది? బళ్లారి కుర్రాడు ఇంకోసారి అదే కుర్చీలో కూర్చున్నాడనుకుందాం. ఇంగ్లిష్‌లో చెప్పినా, కన్నడలో చెప్పినా సరుకు ఇదే.

‘నా పేరు ఫలానా. మాది బళ్లారి దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, కాలేజీలో ఇంగ్లిష్. కన్నడ బాగా రాస్తాను. తెలుగు ధారాళంగా మాట్లాడతాను, చదవడం ఈ మధ్యే నేర్చుకుంటున్నాను. చిన్నప్పటి నుంచి మా అవ్వకు ఆసుపత్రిలో, బ్యాంకులో నేనే మాట చెప్పేవాణ్ని. అందుకేనేమో ఎదుటివాళ్లు చెప్పింది సరిగ్గా అర్థమైందా అని రెండోసారి అడగడం నాకు అలవాటు. దానివల్ల పని మొదలుపెట్టేసరికి కాస్త ఆలస్యమవుతుంది, తప్పులు మాత్రం తగ్గుతాయి. నాటకాలంటే ఇష్టం. కాలేజీలో కన్నడ నాటకం ఒకటి వేశాం, తెర వెనక సామాను లెక్కంతా నాదే. మీ కంపెనీకి ఆంధ్ర, కర్ణాటక రెండు వైపులా ఖాతాదారులున్నారు. ఇద్దరితోనూ వాళ్ల భాషలోనే మాట్లాడగలను.’

ఇందులో గొప్పలు లేవు. దాచినదీ లేదు. లోపం కూడా ఉంది, ఆ లోపం పక్కనే దానివల్ల కలిగే మేలూ ఉంది. చివరి మాటతో ‘ఈ మనిషి మనకెందుకు పనికొస్తాడు?’ అనే ప్రశ్నకు జవాబు దొరికింది. ‘కష్టపడతాను’ అనే మాట ఎక్కడా అనలేదు, గమనించారా?

సర్కారుకు చెప్పే పరిచయం

ఉద్యోగం కోసం చేసుకునే పరిచయం ఒక గదిలో ముగుస్తుంది. ఇంకో పరిచయం ఉంది. అది గుమ్మం ముందు జరుగుతుంది, పదేళ్లు నిలుస్తుంది. అదే జనగణన.

2011 జనాభా లెక్కల్లో ప్రతి మనిషినీ మాతృభాష ఏంటని అడిగారు. అది కాక వచ్చిన మరో రెండు భాషలూ రాసుకున్నారు. మాతృభాష అంటే చిన్నతనంలో తల్లి తనతో మాట్లాడిన భాష. బడి భాష కాదు, ఉంటున్న రాష్ట్రం భాష కాదు. చదవడం, రాయడం రావాలన్న షరతూ లేదు. చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలన్నదే లెక్కలు తీసేవాళ్లకు ఇచ్చే సూచన. ఆ లెక్కల్లో దేశం మొత్తం మీద తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 8.11 కోట్ల మంది. తమిళనాడులో 42 లక్షల పైచిలుకు, కర్ణాటకలో 35 లక్షల పైచిలుకు. తర్వాతి లెక్కలకు కేంద్రం 2025 జూన్‌లో గెజిట్ ప్రకటన ఇచ్చి, 2027 మార్చి 1ని ఆధార తేదీగా పెట్టింది.

తెలుగు బడి ఉండాలా, టీచరు పోస్టు నిలవాలా, పాఠ్యపుస్తకం రావాలా అన్న మాట ఎప్పుడొచ్చినా ముందు అడిగేది ‘మీరెంతమంది?’ అనే. ఇంటర్వ్యూలో తెలుగు పేరు చెప్పడానికి మొహమాటపడిన నోరు గుమ్మం దగ్గర కూడా మొహమాటపడితే ఆ ఇంట్లో తెలుగు లెక్కలోకి రాదు. పక్క రాష్ట్రం భాష మీద గౌరవం ఉంటే దాన్ని రెండో గడిలో రాయించవచ్చు. ఆ గడి అందుకే ఉంది.

ముందు రోజు రాత్రి ఇవి చూసుకోండి

* సర్టిఫికెట్లన్నీ పక్కపక్కన పెట్టి పేరు, పొడి అక్షరం ఒకేలా ఉన్నాయో లేదో చూడండి. తేడా ఉంటే కారణం ఒక్క వాక్యంలో చెప్పడం అలవాటు చేసుకోండి.

* ప్రతి భాషకూ నాలుగు ప్రశ్నలు వేసుకోండి. వింటే అర్థమవుతుందా, మాట్లాడతానా, చదువుతానా, రాస్తానా? జవాబు ఎలా ఉంటే అలాగే రాయండి.

* ఒకే ఒక్క ఇష్టం చెప్పండి. దాని గురించి మూడు ప్రశ్నలడిగినా తడుముకోకుండా చెప్పగలిగేదై ఉండాలి.

* గుణానికి బదులు జరిగిన సంగతి ఒకటి ఎంచుకోండి. ఇంట్లోదైనా, పొలంలోదైనా, దుకాణంలోదైనా ఫర్వాలేదు.

* ఎదుటివాళ్లకు మీ భాషలు ఎక్కడ పనికొస్తాయో ముందే కనుక్కుని, ఆ మాటతో ముగించండి.

* బట్టీ పట్టొద్దు. అమ్మకో, అవ్వకో ఒకసారి తెలుగులో చెప్పి చూడండి. వాళ్లకు అర్థమైతే ఎవరికైనా అర్థమవుతుంది.

ఆ చివరి పని చేసే ఇంట్లో ఇంకో మేలు కూడా జరుగుతుంది. ఆసుపత్రి సంగతి వినగానే ‘అవునురా, ఆ రోజు డాక్టరమ్మ నిన్ను మెచ్చుకుంది కూడా’ అంటుంది అవ్వ. పిల్లాడు ఎప్పుడో మర్చిపోయిన మాట అది. తన గురించి తాను ఏం చెప్పుకోవాలో తెలియనప్పుడు నలుగురిని అడగడం మన పాత పద్ధతే. తాత పేరు చెప్పుకునే రోజులు పోయినా, అవ్వ దగ్గర కూర్చుని అడిగి తెలుసుకునే వీలు ఇంకా ఉంది. అడగాల్సింది మాత్రం తెలుగులోనే.